కోచ్ గారి మూడో తలుపు

కోచ్ రాదమేస్ గది తలుపు మళ్ళీ పోయింది.

మొదటి రెండూ నాసిరకం చెక్కవి. పోతే పోయాయిలే అనుకున్నాడు. ఇది మహాగని! రాజధాని శాంటో డొమింగో నుంచి లారీలో తెప్పించి, ఫాదర్ చేత తీర్థజలం చల్లించి మరీ బిగించాడు. అదీ మాయం. కాపలా కుక్క కిక్కురుమంటే ఒట్టు.

ఆ బేస్‌బాల్ అకాడమీలో ఇంకెవరికీ తలుపన్నదే లేదు. పిల్లలు హాల్లో వరసగా పడుకుంటారు, స్నానాలగదికి గోనెపట్టా వేలాడుతుంది. గడియ ఉన్న గది కోచ్‌ది ఒక్కటే. ఆట అయ్యాక "భుజానికి మాలిష్ చేస్తా, రా" అంటూ ఒక్కో పిల్లాణ్ణి లోపలికి పిలిచి గడియ వేసేవాడు.

ఊరికి తెలీదా? భేషుగ్గా తెలుసు. కానీ ఆయన తయారుచేసిన కుర్రాళ్ళని పెద్ద జట్లు ఎగరేసుకుపోతాయి. పాలిచ్చే గేదెని ఎవడు తోలేస్తాడు? పదమూడేళ్ళ విల్కిన్ ఆ గదిలోంచి వచ్చి తిండి మానేస్తే, ఇంటి మీద బెంగన్నారు. ఎవరో స్టేషన్‌కి వెళ్ళి మొత్తుకుంటే, నవ్వి పంపేశారట. సిగ్గులేని ఊరు!

తలుపు పోయాక మాలిష్‌లు బందయ్యాయి. పిల్లలు కాస్త నవ్వుతున్నారు. కోచ్‌కి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"పోలీసుల్ని పిలవరా. ఒక్కొక్కణ్ణీ విడిగా కూచోబెట్టి అడగమను" అంది వాళ్ళమ్మ ఎరిదానియా. వడ్రంగి మొగుడు పోయాక, అకాడమీ గోడ పక్కనే ఒక్కతీ ఉంటోంది.

పిల్లల కోసం కదలని జీపు తలుపు కోసం దుమ్ము లేపుకుంటూ వచ్చింది. కొత్తగా బదిలీ అయిన సార్జెంట్ మినుర్కా దిగింది.

"ఎవరి మీద అనుమానం?"

"ఇంకెవరు, ఈ దొంగవెధవలే! నిజం కక్కేదాకా వదలొద్దు సార్జెంటమ్మా."

"మీరు పక్కనే ఉంటారా?"

"నేనుంటే హడలి చస్తారు, ఒక్కడూ నోరు విప్పడు. ఈలోగా అమ్మ దగ్గర భోంచేసి వస్తా."

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద సాంకోచో కుతకుతమంటోంది. మాంసం, కర్రపెండలం, అరటికాయ వేసి గంటలకొద్దీ కాచిన పులుసు. కోచ్ లొట్టలేసుకుంటూ జుర్రాడు.

"ఈ మధ్య నీ చేతికి భలే రుచొచ్చిందే అమ్మా!"

"కర్ర మంచిది నాయనా" అంది ఎరిదానియా, కళ్ళు తుడుచుకుంటూ. పొగ మరి.

గోడకి అవతల, తలుపు లేని గదిలో, మినుర్కా ముందు విల్కిన్ తల దించుకు కూచున్నాడు.

"తలుపు సంగతి నాకు తెలీదండీ."

"పోనీ, తలుపు ఉన్నప్పటి సంగతి తెలుసా?"

పిల్లాడు ఖాళీ గుమ్మం వంక చూశాడు. బయట ఎవరూ లేరని నమ్మకం కుదిరాక మొదలుపెట్టాడు. అతని తర్వాత ఇంకొకడు, ఆపైన మరొకడు. చివరివాడి దగ్గరికి వచ్చేసరికి మినుర్కాకి తలుపు గురించి అడగాలన్న ధ్యాసే లేదు.

ఆమె పెరట్లోకి వచ్చేసరికి కోచ్ రెండో గిన్నెలో ఉన్నాడు.

"దొరికాడా దొంగ?"

"దొరికాడు" అని అతని చేతులకే బేడీలు వేసింది.

"అన్యాయం! ఆ పిల్లకుంకల మాట నమ్ముతారా? అమ్మా, చూస్తూ ఊరుకుంటావేంటే? నేనెలాంటివాణ్ణో చెప్పు!"

"చెబుతా" అంది ఎరిదానియా.

వెక్కుతూనే పొయ్యిలో పట్టకారు పెట్టి, బూడిదలోంచి నల్లబడ్డ ఇత్తడి గడియ ఒకటి లాగి సార్జెంట్ కాళ్ళ ముందు పడేసింది.

"పోయినేడు పిల్లల కోసం నేనొచ్చి కాళ్ళావేళ్ళా పడితే మీ స్టేషన్లో నవ్వారమ్మా, తలుపు పోయిందంటేనైనా వస్తారని మూడూ పీకి పొయ్యిలో పెట్టింది నేనే."