కెర్నెల్‌కు ఉపవాస ప్రార్థన

మార్కాపురంలో ఇంటినుంచే ఉద్యోగం చేసే ఎస్తేరు, లాప్‌టాప్ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ను సృష్టించి, దానికి గుండెలాంటి కెర్నెల్ అనే ప్రోగ్రామ్‌ను పొద్దుటినుంచి పరీక్షిస్తోంది. పరీక్షలు వాటంతటవే నడుస్తున్నాయి. నాలుగు వందల సార్లు ఆపి లేపినా ఆ కంప్యూటర్ ఒక్కసారీ క్రాషై కూలలేదు.

"కెర్నెల్‌లో తప్పుందని ఆఫీసులో గట్టిగా చెప్పినానమ్మా. సాయంత్రంలోగా కూల్చి చూపియ్యకపోతే ఇంక నా మాట ఎవురూ నమ్మరు."

తల్లి రత్నమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యో! అది కూలగూడదనుకొని పొద్దున్నే లాప్‌టాప్‌కు ప్రార్థన నూనె రాసి, ఉపవాసముంటి గదే!"

"నూనె రాసినావా? ఏందమ్మా ఇది! సరే, ఇప్పుడు కూలిపోవాలని ప్రార్థన చెయ్యి," అంది, ఏనాడూ మోకరించని ఎస్తేరు.

రత్నమ్మ కొంగు తలమీదికి లాక్కొంది.

"అట్లాంటిదీ నాకు వచ్చులే తల్లీ," అంది మెల్లగా. "కానీ సాయంత్రానికే అంటే కష్టం. పాత పాస్టరుగారు బదిలీ అయిపోయేదానికే నలభై దినాలు పట్టింది."