నాలుగు మూతల ఎరువు

మంగళవారం ఉదయం ఏడూ పదికి స్వీపర్ దొరికిపోయాడు.

ఆఫీసు హాల్లో మొక్కల కుండీకి నాలుగు మగ్గుల చొప్పున నీళ్లు కుమ్మరిస్తున్నాడు. అడుగు కన్నాల్లోంచి నీళ్లు పళ్లేల్లోకి కారుతున్నాయి.

రిసెప్షనిస్టు భుజాన బ్యాగు దించకుండానే అరిచింది.

“నిన్న సాయంత్రమే ఎరువు నీళ్లు పోశాను. మొత్తం కడిగిపారేశావు కదయ్యా!”

“కోప్పడకండమ్మా. ఎరువు మరీ చిక్కనైపోతోంది. అంత ఉప్పు వేర్లు తట్టుకోలేవు.”

“ఉప్పేంటి? నేనేమన్నా కూర వండుతున్నానా?”

“ఎరువులో ఉండేవి ఉప్పులేనమ్మా. ఎక్కువైతే వేరు నీళ్లు తాగదు సరికదా, తనలో ఉన్నవే వదిలేస్తుంది. మూడుసార్లు చెబుదామని వచ్చాను. మీరు వింటేనా...”

“చీపురు పట్టేవాడివి, నాకు పాఠాలు చెప్తావా?”

అతను మగ్గు కింద పెట్టేశాడు.

ఆమె భయం ఆమెది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నలభై కుండీలు అప్పగిస్తూ మేనేజరు ఒకటే మాట అన్నాడు: “డైరెక్టర్లు వచ్చేనాటికి ఇవి కళకళలాడాలి. నీ సంగతి అప్పుడు చూద్దాం.”

మూడు నెలలుగా అవి కళకళలాడుతూనే ఉన్నాయి.

పది గంటలకు ఆమె ఫిర్యాదు రాసిచ్చింది. మర్నాడు స్వీపర్ల ఏజెన్సీ అతన్ని తీసేసి ఇంకో మనిషిని పంపింది.

పన్నెండో రోజుకల్లా ఆకుల కొసలు మాడాయి. మట్టి మీద తెల్లటి పొర కట్టింది.

“ఏంటమ్మా ఇది?” అన్నాడు మేనేజరు.

“ఆ పాత స్వీపరే ఏదో పోసి పోయాడు సార్.”

గొంతు తడబడలేదు.

మేనేజరు నర్సరీకి ఫోన్ చేశాడు. వచ్చినావిడ ఒక పళ్లెంలోని నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు ముంచింది.

“రెండు దాటకూడదు. ఇది ఆరు చూపిస్తోంది. బకెట్టుకి ఎన్ని మూతలు కలుపుతున్నారు?”

“నాలుగు. ఎప్పుడూ అంతే.”

“అది పాత సీసా లెక్కండీ. కొత్తది చిక్కటి సరుకు. ఒక్క మూత చాలు. ఎన్నాళ్లుగా వాడుతున్నారు దీన్ని?”

“మూడు నెలలు.”

ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది.

“రెండు వారాలకే పోవాల్సినవండీ ఇవి. మీరు పోసినప్పుడల్లా ఎవరో మంచినీళ్లతో కడిగి ఉండాలి.”

ఆమె మేనేజరు గది వైపు చూసింది. తలుపు మూసే ఉంది.

“సార్‌కి చెప్పకండి,” అంది.

కుండీలు మార్చేశారు. డైరెక్టర్లు వచ్చి వెళ్లారు. శుక్రవారం ఆమె చేతికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి ఏజెన్సీకి వెళ్లింది.

“అతన్ని మళ్లీ పనిలోకి తీసుకుంటారా? ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.”

“తీసుకోవడానికి మనిషుండాలి కదండీ,” అన్నాడు గుమాస్తా. “గది ఖాళీ చేసి వెళ్లిపోయాడట. ఫోనూ లేదు.”

ఫైలు ఆమె వైపు తిప్పాడు. మొదటి కాగితం సంజాయిషీ. ‘కుండీల్లో నీళ్లు పోసింది నేనే’ అని ఒక్క వాక్యం. ఎరువు ఊసు లేదు. ఆమె ఊసూ లేదు.

ఆమె కాగితం తిప్పింది.

రెండోది ఉద్యోగ దరఖాస్తు. పూర్వానుభవం అన్నచోట అదే చేతిరాత: ‘ఆసుపత్రి మూతపడేవరకు ఇరవై రెండేళ్లు, డయాలసిస్ విభాగంలో, కిడ్నీ రోగుల రక్తం శుభ్రం చేసే ద్రావణాన్ని కొలిచి కలిపే టెక్నీషియన్.’