పాత కెర్నెల్, కొత్త కంపైలర్

కెర్నెల్ పదకొండోసారి కూడా బిల్డ్ కాలేదు.

కీలుంగ్ రేవు ఎదుటి నూడుల్స్ కొట్టులో పెయ్‌చీ ల్యాప్‌టాప్ మూసి, మళ్లీ తెరిచింది. పక్కనే దీవి వాతావరణ కేంద్రానికి వెళ్లాల్సిన కంప్యూటర్ పెట్టె. దాన్ని నడిపే మూల ప్రోగ్రామే కెర్నెల్. కంపైలర్ దాని కోడ్‌ను యంత్రభాషలోకి మార్చి బిల్డ్ చేస్తే, అది ఎక్కాకే పెట్టె పనిచేస్తుంది.

పడవ నాలుగింటికి. తర్వాతి పడవ వచ్చే వారం. తుపాను శుక్రవారం.

"పోయినేడు ఇదే కెర్నెల్ నోరెత్తకుండా బిల్డ్ అయింది," అన్నాడు ఆమెతో పనిచేసే హాన్‌యూ. "కొత్త కంపైలర్‌తోనే ఈ పీడ."

"ఒకే పేరు రెండు ఫైళ్లలో ఉండకూడదట! పాత కంపైలర్ ఏనాడైనా అడిగిందా? ఈ రూలు పెట్టినవాడు దొరికితే పచ్చిమిరపకాయలు తినిపిస్తా," అంది పెయ్‌చీ.

పక్క బల్ల దగ్గర చేప ఉండల సూప్ తాగుతున్న పెద్దాయన తలెత్తాడు.

"ఎన్ని తినిపిస్తావమ్మా?"

"కిలో."

"తక్కువే."

ఆయన కుర్చీ జరుపుకున్నాడు.

"రెండోచోట ఆ పేరు తీసేయరాదూ?"

"పదిసార్లు తీశాను బాబాయ్. బిల్డ్ చేయగానే మళ్లీ వచ్చి కూర్చుంటోంది."

"కూర్చోదూ మరి! నువ్వు దిద్దుతున్నది బిల్డ్ తనంతట తాను రాసుకునే ఫైలు. దాన్ని పుట్టించే ఫైలు పక్కనే ఉంటుంది. అందులో తీసెయ్."

పెయ్‌చీ ఒక్క వరుస తీసేసింది.

ఆరు నిమిషాల పాటు తెర మీద వరుసలు పరుగెత్తాయి.

బిల్డ్ అయింది. కెర్నెల్ ఎక్కించాక పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. హాన్‌యూ కేక వేశాడు. కొట్టు పిన్ని గరిటెతో గిన్నె మీద దరువేసింది.

"బస్సొచ్చింది," అంటూ పెద్దాయన గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

మూడూ నలభైకి పెట్టె పడవ ఎక్కింది. ఇద్దరూ నవ్వుకుంటూ కొట్టుకు తిరిగొచ్చి, ఆ సవరణను ఈ కెర్నెల్ వాడేవాళ్లందరికీ పంపడానికి కూర్చున్నారు.

"సూచన ఎవరిదో రాయాలి. పిన్నీ, ఆయన పేరేంటి?"

"లో జిన్‌షెంగ్. ఏంటమ్మా, బిల్లు ఎగ్గొట్టాడా?"

"మా పడవ పట్టించాడు పిన్నీ!"

పెయ్‌చీ ఆయన పేరు రాసింది. కంపైలర్‌లోని ఏ మార్పు వల్ల ఈ సవరణ అవసరమైందో కూడా చూపాలి. హాన్‌యూ కంపైలర్ మార్పుల చిట్టాలో దాన్ని వెతికి, తెరిచి, ల్యాప్‌టాప్‌ను మెల్లగా ఆమె వైపు తిప్పాడు.

ఒకే పేరు రెండు ఫైళ్లలో ఉంటే ఒప్పుకోవద్దని కంపైలర్‌కు నేర్పిన ఆ మార్పు కింద, రాసినవారు: లో జిన్‌షెంగ్ అని ఉంది.