చివరి బొమ్మ

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు మొదలవగానే తల్లి గబగబా కూతురి పెట్టె తెరిచింది.

"అమ్మా, నా పెట్టె కదపకు! అన్నీ సర్దేశాను," లోపల్నుంచి కూతురు అరిచింది.

"నాకేం పని నీ పెట్టెతో!" అంది తల్లి, మడతల కింద చెయ్యి పోనిస్తూ. కదపొద్దందంటే ఏదో ఉన్నట్టే.

ఇంకాసేపట్లో ఆ పెట్టె గుమ్మం దాటాలి. వీధి చివరి బేకరీలో పనిచేసే పిల్లతో కలిసి వేరే గది చూసుకున్నానని, అక్కణ్ణుంచి తన పనికి దగ్గరవుతుందని కూతురు కొద్దిరోజులుగా నస పెడుతోంది. "నువ్వు సరేనంటేనే వెళ్తానమ్మా" అని కూడా అంది. తల్లి ఇంకా సరేననలేదు. ఆ ఒక్క మాటా తన నోట్లో ఉన్నంతవరకూ పిల్ల తన దగ్గరే ఉంటుందని ఆవిడ ధీమా.

ఆవిడ బట్టలు కుట్టే మనిషి. ఎవరి మాట నమ్మినా నమ్మకపోయినా గుడ్డను మాత్రం నమ్ముతుంది. నిన్న కూతురు విడిచిన చొక్కా వీపు మీద మైదాపిండి అంటుకుని ఉంది. ఊరికే అంటుకోలేదు, ఐదు వేళ్ళూ విడివిడిగా కనబడుతున్నాయి. స్నేహితురాళ్ళు భుజం మీద చెయ్యి వేసుకుంటారు, కాదనడానికి లేదు. కానీ నడుముకి కాస్త పైన, అంత పదిలంగా ఎవరు వేస్తారు? అప్పటినుంచీ ఆవిడకు సూదిలో దారం ఎక్కడం లేదు. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

చేతికి పుస్తకం తగిలింది. దానికి బ్రౌన్ పేపరు అట్ట. దాచడానికి కాకపోతే అట్టెందుకు? తెరిచి చూస్తే అంతా జపాన్ భాష. కూతురు ఈ మధ్య పట్టుబట్టి నేర్చుకుంటున్నది అదే. అక్షరం ముక్క అర్థం కాలేదు గానీ ప్రతి పేజీలోనూ బొమ్మలున్నాయి. బొమ్మలు చూడటానికి భాషెందుకు?

మొదటి బొమ్మకే ఆవిడ గుండె జారిపోయింది. ఇద్దరమ్మాయిలు తెల్లటి పెళ్ళిగౌన్లలో, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నవ్వుతున్నారు. పెళ్ళికొడుకు ఎక్కడా లేడు. మూలమూలలా వెతికినా లేడు.

"ఏమండీ!" అని ముందుగదిలోకి కేకేసింది.

"ఊఁ" అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"ఏం లేదులెండి."

పేజీలు తిప్పింది. ఇద్దరూ ఒకే ఇంట్లో గోడలకు రంగు వేస్తున్నారు. తర్వాత ముద్దు పెట్టుకుంటున్నారు. ఆవిడ చటుక్కున కళ్ళు మూసుకుని, ఒక కన్ను తెరిచి మళ్ళీ చూసింది. ఆ తర్వాత ఒకే గొడుగు కింద నడుస్తున్నారు గానీ మధ్య జానెడు ఎడం. ఆ తర్వాత ఆఫీసులో దూరదూరంగా కూర్చుని దొంగచూపులు. ఆ తర్వాత ఒకరి కాఫీ ఇంకొకరి మీద ఒలికి పెద్ద పోట్లాట. చిట్టచివరి బొమ్మ బస్టాపు. ఈ చివర ఒకతె, ఆ చివర ఒకతె. ఒకరినొకరు కన్నెత్తి కూడా చూడటం లేదు.

ఆవిడకు ఇందులో వింతేమీ కనబడలేదు. పెళ్ళి ఫోటోలో చేతులు పట్టుకోవడంతో మొదలై "ఊఁ" దగ్గరికి వచ్చి ఆగిన కాపురం తనది. అందరి కథా ఇంతే కదా! వద్దంటే మొండికేస్తారు, వదిలేస్తే వాళ్ళే మొహం మొత్తి ఇంటికొస్తారు. పుస్తకం రాసినవాళ్ళెవరో గానీ లోకం చూసినవాళ్ళు. గుండెల మీంచి కొండంత బరువు దిగినట్టయింది.

"అమ్మా!"

కూతురు తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "చూశావా?"

"చూశాను. మొదటినుంచీ చివరిదాకా."

"నేనే చెబుదామనుకున్నానమ్మా. ధైర్యం చాలక..."

అంతలోకే బేకరీ పిల్ల వచ్చింది. "మా మనిషి రెడీయేనా ఆంటీ?" అంటూ లోపలికి అడుగుపెట్టి, ఆవిడ చేతిలోని పుస్తకం చూసి కొయ్యబారిపోయింది. తల్లి చూపు ముందు ఆ పిల్ల వేళ్ళ మీదికి పోయింది. కొలత సరిపోయింది.

"అలా నిలబడిపోయారేం? నేనేం అడ్డుపడను," అంది తల్లి గొంతు సవరించుకుని. "వెళ్ళండి, కలిసే ఉండండి. నాదొక్కటే కోరిక. ఈ పుస్తకంలో వీళ్ళిద్దరికీ చివరికి ఏం జరిగిందో, మీకూ అచ్చం అదే జరగాలి. ఎంత త్వరగా జరిగితే నాకంత మనశ్శాంతి."

అమ్మాయిలిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"నిజంగా అంటున్నావా అమ్మా?"

"మనస్ఫూర్తిగా అంటున్నాను. అన్న మాట నేనెప్పుడైనా వెనక్కి తీసుకున్నానా?"

కూతురు భోరుమంటూ వచ్చి తల్లిని వాటేసుకుంది. బేకరీ పిల్ల రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తూనే నవ్వుతోంది. తల్లికి మళ్ళీ అనుమానం పట్టుకుంది. విడిపొమ్మని దీవిస్తే ఇంత సంబరమేమిటి వీళ్ళకి?

"ఏమిటే ఈ ఏడుపులు? బస్టాపులో ఎడమొహం పెడమొహంగా ఉన్న వాళ్ళను చూసి నాకూ జాలేసింది. కానీ కథ ముగిసేది అలాగే కదా!"

"బస్టాపులో ముగియడమా?" బేకరీ పిల్ల కళ్ళు తుడుచుకుని పుస్తకం అందుకుంది. దాన్ని బోర్లించి, ఆ వైపు అట్ట తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "మన పుస్తకాలు అయిపోయే వైపు నుంచి జపాన్ పుస్తకాలు మొదలవుతాయి. బస్టాపు మొదటి బొమ్మ. చివరిది పెళ్ళి, అత్తయ్యా!"