ముగింపు తెలిసినవాడు

“ఆ కథ చివర్లో వాళ్ళిద్దరికీ పెళ్ళవుతుంది కదూ, బాబూ?” అని అడిగాడు సత్యానందం, అతి మామూలుగా.

పెళ్ళిచూపులకు వచ్చిన ఎలీయాజరు చేతిలోని సందేశ్ మిఠాయి నోటిదాకా వెళ్ళి ఆగింది. బెంగాలులోని లిలువాలో, ఆ ఇరుకు ముందుగదిలో అందరి చూపూ అతనిమీదికి తిరిగింది.

“ఇదేటయ్యా!” అంది దయమ్మ భర్తతో. “పెళ్ళిసూపులకొచ్చినోడికి డిపార్ట్‌మెంటు పరీచ్చ ఎట్టేస్తన్నావు?”

“పరీక్ష కాదే. ఏదో పుస్తకం గురించి మాటాడుకుంటన్నాం.”

నిజానికి అది పరీక్షే. వచ్చిన సంబంధమల్లా కాదంటున్న కూతురు డోర్కాస్, ఈ ఖరగ్‌పూర్ సంబంధానికి మాత్రం మెత్తబడింది. కారణం ఒక జపాను బొమ్మల పుస్తకం. ఎవరూ పట్టించుకోని ఆ ప్రేమకథ ఆమెకు ప్రాణం. తనకూ ప్రాణమేనని ఎలీయాజరు ఫోనులో చెప్పాడు.

“కొట్లాటల యానిమే కార్టూన్లంటే అందరూ ఎగబడతారు నాన్నా. ఇలాంటి నిదానం కథల్ని మెచ్చుకున్నోడు నాకింతవరకు దొరకలేదు. నిజంగా చదివుంటే ఈయన్నే చేసుకుంటాను,” అని ఆమె తేల్చి చెప్పింది.

ఆ ‘నిజంగా’ అన్న మాటను సత్యానందం పట్టుకున్నాడు. గాలిలోంచి విబూది తీసే బాబాల గుప్పిళ్ళు నలుగురిలో విప్పించిన మనిషి ఆయన. ఒక మాట నిజమో కాదో తేలేదాకా ఆయనకు నిద్రపట్టదు. బంద్ పుణ్యమా అని చూపులు వాయిదా పడ్డాయి. ఆ వ్యవధిలో, కూతురు ఆఫీసుకు వెళ్ళినప్పుడు, అసలు అట్టలు ఊడిపోగా కేలండరు కాగితం చుట్టిన ఆ పుస్తకాన్ని తీసుకున్నాడు. ఇంగ్లీషు అనువాదమే కనుక ఒక్క బొమ్మ వదలకుండా చదివాడు.

చిత్రమైన పుస్తకం. పేజీలకు అంకెలైనా లేవు. మొదటి పేజీలోనే పెళ్ళి. గొడుగుల దుకాణం పిల్లా, గడియారాలు బాగుచేసే కుర్రాడూ పూలవానలో నవ్వుతూ నిలబడ్డారు. అక్కణ్ణుంచి అంతకంతకూ దూరమవుతూ పోయి, చివరి పేజీకి వచ్చేసరికి ఒక స్టేషనులో, ఒకే బల్ల మీద, ముఖపరిచయం కూడా లేనివాళ్ళలా కూర్చున్నారు. జవాబు ముందూ ప్రశ్న తరువాతా పడే ఆ సంభాషణలు ఆయనకు బొత్తిగా కొరుకుడు పడలేదు. జపానువాళ్ళ పద్ధతి కాబోలని సరిపెట్టుకున్నాడు. అయినా, కాపురం గురించి ఇంత నిజం చెప్పిన ప్రేమకథను తాను చదివి ఎరగనని మాత్రం మనసులోనే ఒప్పుకున్నాడు.

అందుకే ఇప్పుడు కావాలని తప్పు ప్రశ్న వేశాడు. చదవనివాడైతే ‘ఔను’ అని తీరతాడు. ప్రేమకథ పెళ్ళితో ముగుస్తుందని ఎవడైనా ఊహిస్తాడు.

టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ డోర్కాస్ తండ్రివైపు ఆశ్చర్యంగా చూసింది. ఆమె ముఖం వెలిగింది.

ఎలీయాజరు తొందరపడలేదు. కళ్ళజోడు పైనుంచి తనమీద వాలిన చూపునూ, ఆ పెద్దమనిషి పెదవి చివర అణచుకోలేకపోతున్న చిరునవ్వునూ ఒక్క క్షణం పరికించాడు.

“పెళ్ళా? అబ్బే, కాదంకుల్,” అన్నాడు. “విడిపోతారు కదా!”

“శెభాష్!” సత్యానందం కుర్చీలోంచి సగం లేచాడు. “మొదట్లోనే పెళ్ళి చేసేసి, చివరికి స్టేషనులో ఎవరికి ఎవరో తెలియనట్టు కూర్చోబెట్టేశాడు. ఎంత ధైర్యం!”

“అదేనంకుల్ దాని గొప్ప. ఆ చివరి పేజీ చదివినప్పుడల్లా ఏడుపొచ్చేస్తుంది.”

“ఆ రుమాళ్ళు ఉతికింది నానేనండి,” అంది అతని తల్లి జ్ఞానప్రసూన, కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు.

గుమ్మంలో కప్పులు గలగలమన్నాయి. డోర్కాస్ టీ ఇవ్వకుండానే వెనుదిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

“సిగ్గండి,” అంది జ్ఞానప్రసూన మురిపెంగా.

సత్యానందం విజయగర్వంతో వంటగదిలోకి నడిచాడు. కూతురు పళ్ళెం గట్టు మీద పెట్టి, చున్నీతో కళ్ళు ఒత్తుకుంటోంది.

“నాకీ సంబంధం వద్దు నాన్నా.”

“అదేటే! నిజంగా చదివుంటే చేసుకుంటానన్నావు. చదివాడని నీ ఎదురుగానే రుజువు చేశాను కదా!”

“చేశావు. అందుకే వద్దు.”

ఆధారాలన్నీ ఒకవైపు, తీర్పు మరొకవైపు. అన్నేళ్ళ తర్కంలో ఇలాంటి లెక్క సత్యానందానికి ఎన్నడూ తగలలేదు.

“చూడమ్మా, ఆ పుస్తకం నేనూ చదివాను. నీకు చెప్పలేదంతే. నేను చదివిన ముగింపే అతనూ చెప్పాడు. అక్షరం తేడా లేదు. ఇంకేటి కావాలి నీకు?”

“ధుత్, బాబా!” కోపం వస్తే ఆమెకు బెంగాలీయే ముందు వస్తుంది. అంతలోనే తండ్రి ముఖం చూసి, ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. “నువ్వు ఏ వైపు నుంచి చదివావు?”

“ఏ వైపేటి? మొదటి పేజీ నుంచే.”

డోర్కాస్ అలమరలోంచి పుస్తకం తెచ్చి బోర్లా తిప్పింది. ఆయన చివరిదనుకున్న పేజీని ముందు తెరిచి చూపించింది. స్టేషను, బల్ల, ముఖపరిచయం లేని ఆ ఇద్దరూ.

“జపానోళ్ళ పుస్తకం ఇట్నుంచి మొదలవుద్ది. వీళ్ళు విడిపోలేదు, ఇక్కడే మొదటిసారి కలిశారు. పెళ్ళి ఆఖర్నే,” అంది. “నువ్వు పుస్తకం తిరగేసి చదివావు నాన్నా, ఆయన నీ మొహం చదివాడు.”