డివైడర్‌లో సందు

చప్పుడు వినగానే టీ కొట్టాయన చెంబుడు నీళ్ళతో హైవే మీదికి పరుగెత్తాడు. ఎప్పుడూ అంతే. అంబులెన్సు కన్నా, పోలీసుల కన్నా ముందు ఆయనే.

డివైడర్‌లో ఉన్న సందు దాటుతున్న బైకును లారీ గుద్దేసింది. బైకు నడిపే అతను నోట్లో పోసిన నీళ్ళు మింగలేదు. టీ కొట్టాయన భుజం మీది తువ్వాలు అతని ముఖాన కప్పి, వెనక్కొచ్చి చేతులు కడుక్కుని, మళ్ళీ స్టవ్ వెలిగించాడు.

"ఉన్నాడా?" గ్లాసులు తొలుస్తూనే అడిగింది భార్య.

"లేడు."

మధ్యాహ్నం ఆ సందుకు అడ్డంగా సిమెంటు దిమ్మె పెట్టించి, ఎస్సై టీకి వచ్చాడు.

"పెట్టిన ప్రతిసారీ దిమ్మె మాయమవుతోంది. ఎవడు లాగేస్తున్నాడో!"

"బళ్ళవాళ్ళే అయ్యుంటారు సార్."

"నీలాంటివాడు ఒక్కడుంటే చాలయ్యా ఈ రోడ్డుకి," అని భుజం తట్టి వెళ్ళాడు ఎస్సై.

జీపు కనుమరుగైంది.

"అటువైపు నుంచి బండి ఒక్కటీ రావట్లేదు. పాలన్నీ అలాగే ఉన్నాయి," అంది భార్య.

ఆయన బల్ల కింద నుంచి గడ్డపార తీశాడు. ఆమె స్టవ్ తగ్గించి వెంట నడిచింది. పోయినసారి దిమ్మె కన్నా ఇది బరువు. ఇద్దరూ ఆయాసపడుతూ దాన్ని పక్కకి జరిపారు. కాసేపటికి అవతలి వైపు పోతున్న కారొకటి, ఆ సందులోంచి కొట్టు వైపు తిరిగింది.

ఆమె గ్లాసులు పేర్చింది. ఆయన కూతురికి ఫోన్ చేశాడు.

"పని అయిపోయిందా అమ్మా? చుట్టైనా సరే, వంతెన కిందుగా తిరిగి రా. మన సందులోంచి మాత్రం రాకు తల్లీ."