చూశాను

"పుస్తకాల ఫైళ్లన్నిటికీ ఎవడో తాళం వేసేశాడు! నీ ఫైర్‌వాల్ గాడిదలు కాస్తోందా?" ప్రెస్సు యజమాని అల్లుడి మీద విరుచుకుపడ్డాడు.

"దొంగల్ని ఆపినప్పుడల్లా అది తెర మీద చెప్పేది. పనికి అడ్డమన్నారు మీరు. ఆ మెసేజీలన్నీ వేరే ఫైల్లోకి మళ్లించాను."

"తియ్యి, చూద్దాం."

పదకొండు రోజులుగా ఒకడే దాడి చేస్తున్నాడు. ఏ రోజుకారోజు చివర, ప్రూఫు దిద్దిన కాగితం మీద రాసినట్టే, అల్లుడు ఒక మాట టైపు చేసి పెట్టాడు: 'చూశాను'.

మామ ఆ మాట మీద వేలు పెట్టాడు. "రోజూ చూస్తూనే ఉన్నావా? నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"ఆవేళ పనివాళ్లందరి ముందూ ఏమన్నారు మామయ్యా? 'దాని నోరు మూయించి, నువ్వూ నోరు మూసుకో' అన్నారు."

అల్లుడు కుర్చీలోంచి లేచాడు.

"రెండూ చేశాను."